నూకరాజు దగ్గరున్న తాళంచెవి

ఊరికే వచ్చే దేన్నీ గౌరి నమ్మదు. ఆ బెంగాలీ రైల్వే ఊళ్ళో, గోల్‌బజార్‌లో 'ఒక చీర కొంటే ఇంకొకటి ఉచితం' అని బోర్డు కట్టినవాళ్ళు ఆ రెండో చీర ధరను మొదటిదాని మడతల్లో ఎలా దాస్తారో ఆమెకు కొట్టిన పిండి. దుర్గాపూజ ముందు వాళ్ళ కొట్టు గుమ్మానికీ అదే బోర్డు వేలాడుతుంది మరి. అలాంటి గౌరి ఇంటికి ఒక వకీలమ్మ తనంత తానుగా వచ్చి, మీ ఆయన కేసు నేను చూస్తాను, ఫీజు అక్కర్లేదు అంటే, ఆమె గుండెల్లో రాయి పడిందే గాని ఊరట కలగలేదు.

ఆమె భర్త వాసుదేవ్ అప్పటికే మేదినీపూర్ జైల్లో ఉన్నాడు. వాళ్ళది జాకెట్టు గుడ్డలూ చీరలూ అమ్మే కొట్టు. కొట్టు వెనక సందులో మూటలు పడేసుకోవడానికి చిన్న గోదాము ఉంది. ఒక ఉదయం రైల్వే పోలీసులు తిన్నగా వచ్చి, ఆ గోదాము తెరిపించి, బట్టల మూటల వెనక నుంచి రైల్వేవారి రాగి కేబుల్ చుట్టలు బయటికి లాగారు. ఎవరో ముందుగా చెప్పి ఉండాలి, లేకపోతే అంత తిన్నగా ఎలా వస్తారు? వాసుదేవ్ మెడలో కొలత టేపు అలాగే వేలాడుతుండగా జీపెక్కించి తీసుకుపోయారు. కొట్టుకూ గోదాముకూ సీలు పడింది. వాళ్ళకున్నదంతా ఆ సీలు వెనకే ఉండిపోయింది. బజారంతా నోరు తెరుచుకుని చూసింది, పోలీసులు వెళ్ళాక నోరు మూసుకుంది.

వచ్చిన వకీలమ్మ పేరు దోర్కా. ట్రాఫిక్ కాలనీలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, రైల్వే గార్డుగా చేసి రిటైరైన సిరిల్ కూతురు. వకీలును పెట్టుకోలేక జైల్లో పడి ఉన్నవాళ్ళ తరఫున వాదించడానికి సర్కారే జీతమిచ్చి పెట్టుకున్న వకీళ్ళలో ఒకతె. సర్కారే పట్టుకుపోయి, సర్కారే వకీలునిచ్చి విడిపిస్తుందట. ఎలుకకు పిల్లి సాక్ష్యంలా ఉందే అనుకుంది గౌరి. అనుకుని, సుభాష్‌పల్లిలోని తన ఇంటి ముందుగదిలో ఆమెకు కుర్చీ వేసి, అల్లం దంచి టీ పెట్టి తెచ్చింది.

దోర్కా గ్లాసు ముట్టుకోలేదు. "ఏటీ అనుకోకండక్కా. కేసు ఉన్నోళ్ళ ఇంట నేనేటీ పుచ్చుకోను. రేపెవరో ఒకరు మాటంటారు" అంది.

"టీకేటి మాటొత్తాదమ్మా."

"టీ నుంచే మొదలవుతాదక్కా" అని నవ్వి, కాగితాలు తీసింది. "ఒక్కటి సరిగ్గా సెప్పండి. గోదాము తాళంసెవి ఎవరెవరి కాడ ఉంటాది? కేసంతా దాని మీదే ఉంది. రైల్వే సామాను మన గదిలో దొరికితే, అదెలా వచ్చిందో మనమే సెప్పుకోవాల. మీరు కాక ఇంకొకరు ఆ తలుపు తియ్యగలరని సూపిస్తే బెయిల్ వస్తాది."

గౌరి నోటిదాకా నిజం వచ్చింది. గోల్‌బజార్‌లో గోదాము తాళంచెవి ఎవరి మొలలోనూ ఉండదు. మూటలు స్టేషన్ నుంచి వ్యాన్‌రిక్షాల మీద ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయి. కొట్టువాడు భోజనానికి పోయి ఉండొచ్చు, బేరంలో ఉండొచ్చు. అందుకని తాళంచెవిని పక్క కొట్టు మేకుకు తగిలించి ఉంచడం అక్కడి అలవాటు. మూట తెచ్చినవాడు దాన్ని తీసుకుని, తలుపు తీసి, మూట పడేసి, మళ్ళీ మేకుకు తగిలించిపోతాడు. తాతల నాటి నుంచీ అంతే. వాళ్ళ తాళంచెవి వేలాడేది నగరేశ్వరరావు కొట్లో.

నగరేశ్వరరావు వాళ్ళకు చుట్టం కాకపోయినా చుట్టానికి ఎక్కువ. ఇద్దరూ బాబాయ్ అనే పిలుస్తారు. స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు ఆయనది. పాత రాగి, పాత ఇత్తడి తెచ్చిస్తే తూకం వేసి కొత్త గిన్నెలిస్తాడు. వాసుదేవ్‌ను తీసుకుపోయిన రోజు నుంచి గౌరికి రోజూ క్యారేజీ పంపిస్తున్నది ఆయనే. ఆ మొదటి సాయంత్రమే ఆమె పక్కన కూర్చుని చెప్పాడు: "అమ్మా, ఆ మేకు సంగతి ఎవలి కాడా ఎత్తకు. పోలీసు ఠాణాలో మనోడికీ సెప్పినాను, తాళాల మాటొత్తే నిన్నడగమంటాడు. ఎత్తినావంటే నా కొట్టుకీ సీలేసేత్తారు. అప్పుడు మనోడి కోసం తిరిగేదెవలు, నీకింత కూడు పెట్టేదెవలు?"

ఆ మాటలో న్యాయం ఉందనిపించింది గౌరికి. అన్నం పెట్టే చేతిని కోర్టుకీడ్చడమా? "నా ఒక్కదాని కాడే ఉంటాది" అని చెప్పేసింది. దోర్కా రాసుకుంది గాని, రాసుకుంటూనే ఒకసారి తలెత్తి గౌరి మొహంలోకి చూసింది. ఆ చూపు గౌరికి నచ్చలేదు.

ఆ సాయంత్రం చల్లారిపోయిన టీ సంగతి వినగానే నగరేశ్వరరావు తల పంకించాడు. "మనింట పచ్చిమంచినీళ్ళు ముట్టనోడు ఇద్దర్లో ఒకడమ్మా. పగోడు, నేకపోతే పగ సేయబోతన్నోడు. జీతం ఎవలిత్తన్నారు ఆవిడికి? సర్కారు. మనోణ్ణి అట్టుకున్నదెవలు? సర్కారే. నాకు తెలిసిన పెద్ద వకీలున్నాడు, కబురెడతాను." కబురు పెడతానన్నాడే గాని ఆ పెద్ద వకీలు ఏ రోజూ వచ్చింది లేదు. గౌరి దాన్ని పట్టించుకోలేదు. ఆమె కళ్ళు రెండూ దోర్కా మీదే ఉన్నాయి.

అనుమానం ఒకసారి ఇంట్లోకి వచ్చాక తిండికి వెతుక్కోనక్కర్లేదు, కనపడిందల్లా తింటుంది. వాసుదేవ్‌ను హాజరుపరిచే రోజున గౌరి లోకల్ ట్రైనెక్కి, కంసావతి నది దాటి మేదినీపూర్ వెళ్ళింది. కోర్టు వరండాలో దోర్కా కనిపించింది. పక్కన పోలీసుల తరఫున వాదించే సర్కారు వకీలు. ఆయన చేతిలో ఝాల్‌ముడి, కారం కలిపిన మరమరాల పొట్లం. ఆ పొట్లంలోంచి తనూ ఇంత తీసుకుని నోట్లో వేసుకుంటూ, ఆయనేదో అంటే గలగలా నవ్వుతోంది వకీలమ్మ. గౌరికి ఒళ్ళు మండిపోయింది. మా ఇంట టీ పనికిరాదు గాని, మావాణ్ణి లోపల వెయ్యమని వాదించేవాడి పొట్లం మాత్రం తీపేమిటి? అక్కడికక్కడే తేల్చేసుకుంది, ఈ మనిషి అవతలివాళ్ళదేనని. తేల్చుకున్నాక కూడా రుజువు కావాలనిపించింది. వ్యాపారస్తుల ఇంటి పిల్ల గనక, రూపాయి బిళ్ళను రాతి మీద మోగించి చూడందే పెట్టెలో వెయ్యదు.

రెండు రోజులు ఆలోచించి ఒక అబద్ధాన్ని వండింది. ట్రాఫిక్ కాలనీ వెళ్ళి, సిరిల్‌గారి క్వార్టర్ వరండాలో దోర్కా ఎదుట కూర్చుని, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది.

"మేడంగారూ, ఆ రోజు అబద్ధం ఆడినాను. తాళంసెవి నా ఒక్కదాని కాడే నేదు. ఇంకోటి ఆయన మేనత్త కొడుకు నూకరాజు కాడుంది."

దోర్కా కలం ఆగింది. "ఆయనెక్కడున్నారు?"

"పలాస ఎల్లినాడు. వచ్చేత్తాడు."

"మరి వాసుదేవ్‌గారు ఆ పేరే ఎత్తనేదు. జైల్లో అడిగితే, తాళాల సంగతి మా ఆవిడ్నే అడగమన్నారు."

"ఆయనకి తెల్దు. ఆయన్ని మాత్రం అడక్కండి. నూకరాజంటే ఆయనకి పానం. వాడి మీదకొత్తాదని తెలిస్తే, నేరం తన నెత్తినేసేసుకుంటారు. ఎవలికీ సెప్పనని నాకు మాటివ్వండి."

దోర్కా కలానికి మూత పెట్టింది. "జడ్జిగారి ముందు తప్ప ఆ పేరెక్కడా ఎత్తను, మీరు సెప్పినారని ఆయనకీ సెప్పను. వాసుదేవ్‌గారి కాడ కూడా అనను. మాటిత్తన్నానక్కా."

ఆ పేరు ఎంచుకోవడంలోనే గౌరి తెలివంతా ఉంది. నూకరాజు రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేసి, కిందటేడు కామెర్లతో పోయాడు. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. బతికున్నవాడి పేరు చెబితే ఆ పాపం చుట్టుకుంటుంది. చచ్చినవాణ్ణి ఏ పోలీసూ కొట్టడు, ఏ జైలూ పట్టదు. దోర్కా అవతలి మనిషే అయితే ఈ మాట అవతలికి చేరుతుంది. చేరితే రైల్వే పోలీసులు, నూకరాజు ఎవడని అడుగుతూ సుభాష్‌పల్లికి వస్తారు. వస్తే దొంగ దొరికినట్టే. ఇంత తెలివిలోనూ ఒక్కటి మాత్రం గౌరి బుర్రకు తట్టలేదు. ఆ వకీలమ్మ కోర్టులో నిలబడి నిజంగానే తన మొగుడి కోసం వాదిస్తుందేమోనన్న ఊహే ఆమెకు రాలేదు. ఊరికే వచ్చినది పని చేస్తుందని ఎవరనుకుంటారు?

ఎవరూ రాలేదు. నూకరాజు పేరు బజార్లో గాని, స్టేషన్ దగ్గర గాని ఎవరి నోటా వినపడలేదు. మామూలు మనిషైతే దోర్కా మంచిదే అనుకుని ఊరుకునేది. గౌరి మాత్రం, అబ్బో, ఎంత లోపల పెట్టుకున్నారు అనుకుంది. అనుమానించేవాళ్ళకు రుజువు దొరక్కపోవడమే పెద్ద రుజువు. దోర్కా మాత్రం ఫోన్ మీద ఫోన్ చేస్తూనే ఉంది. నూకరాజు నంబరివ్వండి, పలాసలో ఎవరింట్లో ఉన్నారో చెప్పండి అని. గౌరి ఒకరోజు ఫోన్ పోయిందట వాడిది అంది, ఇంకోరోజు తనే కోర్టుకు వస్తానన్నాడు అంది. ఒక అబద్ధాన్ని నిలబెట్టాలంటే దాని చుట్టూ ఇంకొన్నిటిని పేర్చక తప్పలేదు.

బెయిలు మీద వాదన రోజు వచ్చింది. గౌరీ నగరేశ్వరరావూ వెనక బెంచీ మీద కూర్చున్నారు. వాసుదేవ్ కటకటాల వెనక నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. గౌరిని చూసి, బాగానే ఉన్నానన్నట్టు తలూపాడు. అతనికి ఇంట్లోనూ అబద్ధం రాదు, కొట్లోనూ రాదు. రంగు దిగే గుడ్డను రంగు దిగుతుందనే చెప్పి అమ్ముతాడు. ఆ విషయంలో మొగుడూ పెళ్ళాలకు పడ్డ తగాదాలకు లెక్కే లేదు.

దోర్కా లేచింది. ఇంగ్లీషూ బెంగాలీ కలిపి గడగడా మాట్లాడుతోంది. గౌరికి సగమే అర్థమవుతోంది గాని, ఆ గొంతులోని పట్టుదల మాత్రం అర్థమవుతోంది. సొంత అన్న కోసం పోట్లాడుతున్నట్టు మాట్లాడుతోంది ఆ పిల్ల. గౌరి మొదటిసారి ఆమె మాట వినడానికి ముందుకు వంగింది. అంతలో ఆ మాటల మధ్య నుంచి నూకరాజు పేరు వినపడింది.

సర్కారు వకీలు గబగబా కాగితాలు తిరగేసి, ఈ పేరు మా ఫైల్లో ఎక్కడా లేదే అని బిత్తరపోయి పోలీసు ఆఫీసరు వైపు చూశాడు. ఆయనా తల అడ్డంగా ఊపాడు. ఝాల్‌ముడి పంచుకున్న మనిషికి కూడా ఆ పేరు చేరలేదు. రూపాయి బిళ్ళ ఖంగున మోగింది, మోగాల్సిన చోట కాదు. రెండో తాళంచెవి ఉన్న మనిషి ఒకడుంటే అతన్నెందుకు విచారించలేదని మేజిస్ట్రేటు పోలీసులను గట్టిగానే అడిగాడు. గౌరి లేచి ఆపాలనుకుంది. లేస్తే ఏమని చెబుతుంది? దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుండిపోయింది.

"హుజూర్" అన్నాడు వాసుదేవ్. చేతులు జోడించి, తనకొచ్చిన హిందీలో, మధ్యమధ్య బెంగాలీ తగిలిస్తూ చెప్పాడు. నూకరాజు తన బావ అనీ, పోయి ఏడాదైందనీ, కొరివి పెట్టింది తనేననీ చెప్పాడు. ఈ వకీల్ దీదీ చెప్పేది ఝూట్ అన్నాడు. "నాకు అబద్ధం బెయిలొద్దు హుజూర్. ఈ వకీలూ వద్దు."

గదిలో నవ్వులు లేచి అణిగిపోయాయి. మేజిస్ట్రేటు కళ్ళజోడు తీసి దోర్కాను అడిగాడు, ఈ మాట మీకెవరు చెప్పారని. దోర్కా వెనక్కి తిరిగింది. ఆమె చూపు బెంచీల మీదుగా వచ్చి గౌరి మీద ఆగింది. అయిపోయింది, ఇప్పుడు నా వైపు వేలు చూపిస్తుంది అనుకుని గౌరి తల వంచేసింది. చూపించినా తప్పేముంది?

"ముందుగా విచారించుకోవలసింది నేను. తప్పు నాది" అంది దోర్కా.

ఆ తర్వాత ఆమెను మేజిస్ట్రేటు నలుగురి ముందూ కడిగేశాడు. దోర్కా చేతులు వెనక్కి కట్టుకుని అంతా విన్నది. లేని సాక్షిని పుట్టించేవాళ్ళు బయటికొస్తే ఉన్న సాక్ష్యాన్ని ఉండనివ్వరని చెప్పి, ఆయన బెయిల్ కొట్టేశాడు.

వరండాలోకి వచ్చాక నగరేశ్వరరావు హుషారుగా ఉన్నాడు. "సెప్పినానా అమ్మా. ఊరికే వచ్చినావిడ ఊబిలో దింపేసింది. ఇంక ఆవిడితో మాటాడకు, పద." దోర్కా అప్పుడే బయటికి వచ్చి గౌరి ఎదురుగా నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఎందుకక్కా?" అని మాత్రం అడిగింది.

గౌరికి ఇంక దాచే ఓపిక లేదు. "మీరు అవతలోళ్ళ మనిషో కాదో సూద్దామని."

దోర్కా చేతిలోని కాగితాలు సంచీలో పెట్టుకుంది. "నన్ను తూసుకోండక్కా, తప్పునేదు. దానికి మీ ఆయన్ని తక్కెట్లో ఏసినారు సూడండి, అదే నాకు బాధగా ఉంది" అంది. "పై కోర్టులో అడగొచ్చు. కాని ఆయన నన్ను వద్దన్నారు. ముద్దాయి వద్దంటే నేను నిలబడలేను. నేనైనా, ఇంకొకరైనా, ఎవరు వాదించినా ఒకటే ప్రశ్న. తాళంసెవి నిజంగా ఎవరి కాడ ఉండేది?"

"అమ్మా గౌరీ, ట్రైను పోతాది" అన్నాడు నగరేశ్వరరావు, ఆమె చేతిలోని సంచీ అందుకుంటూ.

గౌరి ఆయన మొహం కేసి చూసింది. దోర్కా కోసం దాచిపెట్టుకున్న చూపుతో ఆయన్ని చూడటం ఆమెకదే మొదలు. ఎందుకీయన ఇంత తొందరపడుతున్నాడు? మేకు సంగతి ఎత్తొద్దన్నదెవరు? రాకుండానే పోయిన ఆ పెద్ద వకీలు ఎవరు? పాత రాగి తూకం వేసేదెవరు? ఉన్న అనుమానమంతా ఒక్క పిల్ల మీదే ఖర్చు పెట్టేసి, పక్క కొట్టు వైపు చూడనేలేదే తను. సంచీని గట్టిగా లాక్కుంది.

"ఈ బాబాయ్ కొట్టులో, మేకుకి" అంది.

నగరేశ్వరరావు నవ్వాడు. "ఓలమ్మ, బజారు తాళాలన్నీ నా మేకుకే యాలాడతాయి, అదో తప్పేటి." నవ్వు సగంలో ఆగిపోయింది. "తప్పు నేకపోతే అదే మాట కోర్టులో సెప్పండి బాబాయ్" అంది దోర్కా. ఆయన కొట్టు తెరవాలని ఏదో గొణిగి, వెనక్కి చూడకుండా గేటు వైపు నడిచాడు. ఆ రాగి అక్కడ పెట్టింది ఆయనో కాదో అప్పటికి ఎవరికీ తెలియదు. మేకు సంగతి ఎత్తొద్దన్న ఆయన మాట ఎవరికి పనికొచ్చిందో మాత్రం గౌరికి తెలిసిపోయింది.

ముద్దాయిలను జైలు వ్యాను ఎక్కిస్తున్నారు. గౌరి పరుగున వెళ్ళింది. వాసుదేవ్ కిటికీ జాలీ దగ్గరే కూర్చున్నాడు. బెయిల్ పోయినా అతని మొహంలో చాలా రోజుల తర్వాత కాస్త వెలుగుంది.

"గౌరీ, ఆ మనిషిని మాన్పించీ. కోర్టులో నిలబడి సచ్చినోడి మీద అబద్ధం ఆడతాదా? నేను నిజం సెప్పబట్టి మన పరువు దక్కింది."

గౌరికి తల కొట్టేసినట్టయింది. చుట్టూ కానిస్టేబుళ్ళు, మిగతా ఖైదీలు, వాళ్ళ పెళ్ళాలూ తల్లులూ ఉన్నారు. ఊరుకుంటే ఈ మాట ఇక్కడితో పోతుంది. ఊరుకుంటే ఆయన ఆ పిల్లను మళ్ళీ దగ్గరికి రానివ్వడు.

"ఆ అబద్ధం ఆవిడది కాదండీ. నాది."

"ఏటి?"

"నేనే సెప్పినాను. ఆవిడ అవతలోళ్ళకి అమ్ముడుపోయిందేమోనని పరీచ్చ పెట్టినాను. మీకు సెప్పొద్దన్నదీ నేనే."

వాసుదేవ్ మొహంలోని ఆ కాస్త వెలుగూ పోయింది. జాలీలోకి వేళ్ళు దూర్చి పట్టుకున్నాడు. తిడతాడనుకుంది గౌరి, తిడితే బాగుండుననుకుంది. అతను తిట్టలేదు.

"మరి జడ్జి అన్ని మాటలంటంటే ఆవిడ నీ పేరు ఎందుకు సెప్పనేదు?" అన్నాడు.

"నా పేరు ఎవలికీ సెప్పనని నాకు మాటిచ్చింది" అంది గౌరి.

వాసుదేవ్ తల దించుకుని, వకీలమ్మతో ఒక మాట చెప్పుకోవాలి, ఒక్క నిమిషం ఆగమని తలుపు వేస్తున్న కానిస్టేబుల్‌ను బతిమాలాడు. గౌరి దోర్కాను పిలవడానికి వరండా వైపు పరుగెత్తింది.